సీమలో సొంత సినిమా: దుడ్డు, కాగితాలు, షూటింగు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో నేనొక సినిమా తీశాను. కథ రాసింది 2017లో, తెర మీద పడింది 2022 ఆగస్టులో. అప్పటినుంచి కడప, అనంతపురం, కర్నూలు కుర్రవాళ్లూ అమ్మాయిలూ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పి పెట్టేస్తే సగం మరిచిపోతారు. ఆ మరిచిపోయిన సగంలోనే ఒకరి పొలమో, ఒకరి అమ్మ గాజులో పోతాయి. అందుకే కూర్చుని రాశాను. ప్రశ్నలు వాళ్లడిగిన మాటల్లోనే ఉంచాను.

"అన్నా, కథ ఉండాది. ముందు ఎవుర్ని కలవల్ల?"

ఎవరినీ కలవొద్దు. ముందు స్క్రిప్టు చివరి సీను దాకా రాయండి. రాశాక ఒక నోటుబుక్కు పెట్టుకుని లెక్క తీయండి: ఎన్ని చోట్లు, ఎంతమంది మనుషులు, రాత్రి సీన్లెన్ని, బండ్లెన్ని, జీవాలెన్ని. సినిమా ఖర్చు నిర్మాత ఆఫీసులో తేలేది కాదు, మీరు కథ రాసే మంచం మీదే తేలిపోతుంది.

నా మొదటి ప్రతిలో 500 మందితో తిరునాల, రాత్రిపూట కుండపోత వాన ఉండేవి. వానకు ట్యాంకర్లు కావాలి. ఊరు చూసుకోవడానికి వెళ్లిన రోజు అక్కడి ఆడవాళ్లు తాగునీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. ఆ ఊళ్లో నాలుగు ట్యాంకర్ల నీళ్లు కెమెరా కోసం నేలపాలు చేయడానికి నాకు మనసొప్పలేదు. సీను మార్చాను. ఇంటిల్లిపాదీ ఆరుబయట మంచాలేసుకుని పడుకుని ఉంటారు. దూరంగా ఉరుము వినపడుతుంది. ముసలాయన లేచి కూర్చుంటాడు. వాన రాదు. ఆ సీనుకు ఖర్చు నాలుగు నులక మంచాలు. చూసినవాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడేది ఆ సీను గురించే.

కథ వేరేవాళ్లదైతే, అంటే అచ్చయిన కథో నవలో అయితే, రచయిత దగ్గర రాతపూర్వకంగా హక్కు తీసుకోండి. రచయిత కాలం చేసి ఉంటే వారసుల దగ్గర తీసుకోవాలి. మన దేశంలో రచన మీద హక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. "మాకు తెలిసినాయనే, ఏమనడు" అని మొదలుపెట్టి విడుదల ముందురోజు నోటీసు అందుకోవద్దు.

"మొత్తం ఎంత దుడ్డు కావల్ల?"

నాకు 31 లక్షలైంది. దీన్ని రేటు అనుకోవద్దు, ఎక్కడెక్కడ పోతుందో చూడటానికి మాత్రమే చెబుతున్నాను. షూటింగు 27 రోజులు. కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె 5 లక్షల 20 వేలు. టెక్నీషియన్ల జీతాలు 7 లక్షల 50 వేలు. నటులకు 2 లక్షల 10 వేలు. తిండి, బస, బండ్లు 5 లక్షల 40 వేలు. ఎడిటింగు, సౌండు, డీఐ (రంగులు సరిచేసే పని), మిక్సింగు 6 లక్షల 30 వేలు. వడ్డీ 2 లక్షల 7 వేలు. తక్కింది టైటిలు, సెన్సారు సర్టిఫికెట్టు, పోస్టర్లు, థియేటర్లకు సినిమా పంపడం.

అందరూ షూటింగు ఖర్చు వేసుకుని ఊరుకుంటారు. షూటింగు అయిపోయిన రోజుకి సినిమా సగం కూడా కాదు. హార్డ్‌డిస్కుల్లో ముద్ద ఉంటుంది, దాన్ని సినిమా చేయడానికి చేతిలో రూపాయి ఉండదు. ఇట్లా ఆగిన సినిమాలు మన మూడు జిల్లాల్లోనే నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. మొదటి రోజే షూటింగు తర్వాతి పనుల దుడ్డు వేరే ఖాతాలో పెట్టి, అది లేదనుకోండి.

ఇంకో మాట, తిండి దగ్గర పిసినారితనం చేయొద్దు. మే నెల ఎండలో పనిచేసే లైట్‌మన్‌కు పలచని మజ్జిగ, చల్లారిన అన్నం పెట్టి మీరు మిగిల్చేది రోజుకు రెండు వేలు. దానికి పోయేది మధ్యాహ్నం తర్వాత సగం కాల్షీటు, అంటే ఆ పూట పనిలో సగం.

"నిర్మాత దొరికినాడు, మాట ఇచ్చినాడు. షూటింగు మొదలుపెట్టొచ్చా?"

దీనికి జవాబు కొంచెం పొడుగు. నేను చేసిన తప్పు ఇదే కాబట్టి.

సీమలో దుడ్డున్నవాళ్లు ఉన్నారు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు, తాడిపత్రి నాపరాళ్ల ఫ్యాక్టరీలు, ఆదోని పత్తి మిల్లులు, కాంట్రాక్టులు. సినిమా అంటే వాళ్లకూ ఇష్టమే. నాకు దొరికినాయన ఒక కాంట్రాక్టరు. 40 లక్షలు పెడతానన్నాడు, దేవుడి పటం ముందు చేతిలో చెయ్యేసి చెప్పాడు. నేను కాగితం అడగలేదు. అడిగితే మర్యాదగా ఉండదనుకున్నాను. 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. ఆయన చేతినుంచి వచ్చింది 6 లక్షలు. తొమ్మిదో రోజు సాయంత్రం లొకేషన్‌కు వచ్చి, ఎడిటింగు కుర్రాడి ల్యాప్‌టాప్‌లో కొన్ని సీన్లు చూసి, "ఫైటేది? బాంబులేవి? కడప కథ అంటివే?" అన్నాడు. నా కథ బోర్లు వేసి వేసి నీళ్లు పడని ఒక రైతుది. బోరు బండి తప్ప అందులో శబ్దం చేసేది ఏదీ లేదు. మర్నాటినుంచి ఆయన ఫోను ఎత్తలేదు. పదో రోజు పొద్దున 26 మందికి టిఫిను పెట్టి, షూటింగు ఆగిపోయిందని నేనే చెప్పాను.

అంతటితో అయిపోలేదు. ఆరు నెలల తర్వాత "ఆ కథ నాది, టైటిలు నాది" అని కబురు పంపాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. చాలామందికి ఈ సంగతి తెలియదు. స్క్రిప్టు మీద హక్కు మాత్రం రాసినవాడిది, రాతపూర్వకంగా రాసిచ్చేదాకా వేరేవాళ్లకు పోదు. నేను సంతకం పెట్టిన కాగితమేదీ లేకపోవడం ఆ ఒక్కచోట నన్ను కాపాడింది. కానీ ఆయన ఇచ్చిన 6 లక్షలకూ కాగితం లేదు. పెద్దమనుషులు కూర్చుని తేల్చేసరికి ఇంకో ఏడాది పట్టింది.

కాబట్టి ఒప్పందంలో ఇవి ఉండాలి. మొత్తం ఎంత, ఏ తేదీకి ఎంత. ఒక విడత రాకపోతే ఏమవుతుంది. స్క్రిప్టు హక్కు ఎప్పుడు చేతులు మారుతుంది: మొత్తం దుడ్డు వచ్చాకే అని రాయించండి. నిర్మాత మధ్యలో తప్పుకుంటే వేరేవాళ్లను తెచ్చుకునే హక్కు మీకుండాలి, అప్పుడు ఆయన పెట్టినది ఎట్లా తిరిగిస్తారో కూడా ఉండాలి. చివరి ఎడిటింగు ఎవరి మాట. హక్కు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నది తప్పకుండా రాయాలి. రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకు, భారతదేశానికి మాత్రమే ఇచ్చినట్టు లెక్క వేస్తుంది, కొనేవాడు దాన్ని చూపించి బేరం తగ్గిస్తాడు. సినిమా ఒప్పందాలు తెలిసిన వకీలుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

కాగితం అడిగితే కోపం వచ్చే మనిషి దగ్గర దుడ్డు తీసుకోవద్దు.

"పొలం కుదవ పెట్టి తీస్తానన్నా. నమ్మకం ఉండాది."

వద్దు నాయనా. నీ నమ్మకం మీద నాకు అనుమానం లేదు, వడ్డీ లెక్క తెలుసు కాబట్టి చెబుతున్నాను.

మన దగ్గర మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36. రెండో షెడ్యూలు కోసం, అంటే ఆగిపోయిన షూటింగు మళ్లీ మొదలుపెట్టడానికి, 2021 జనవరిలో 3 లక్షలు ఆ వడ్డీకి తెచ్చాను. నెలకు 9 వేలు. సినిమా ఓటీటీ దుడ్డు చేతికి వచ్చేసరికి 2022 డిసెంబరు. అంటే 23 నెలలు, 2 లక్షల 7 వేలు. అసలు 3 లక్షలకు అంత వడ్డీ. అదే 30 లక్షలు తెచ్చి ఉంటే 20 లక్షల 70 వేలు వడ్డీయే అయ్యేది. చిన్న సినిమాకు అంత లాభం నేను చూడలేదు. నాకు ఇప్పటిదాకా తిరిగి వచ్చింది 19 లక్షలు.

సినిమా పరిశ్రమలో ఫైనాన్షియర్ల పద్ధతి వేరు. వాళ్లు సినిమా హక్కుల మీదే అప్పిస్తారు. ఫిల్ము రీళ్ల కాలంలో ల్యాబుకు ఉత్తరం రాయించుకునేవాళ్లు, తమ బాకీ తీరేదాకా ప్రింటు బయటికి ఇవ్వొద్దని. ఇప్పుడు థియేటర్లకు సినిమా పంపే డిజిటల్ ప్రొవైడర్ల దగ్గర అదే పని జరుగుతుంది. శుక్రవారం పొద్దున ఆటలు పడకుండా ఆగిపోయే సినిమాల వెనక సాధారణంగా ఉండేది ఇదే.

మా నాయన తన మూడెకరాలు అమ్ముతానని పట్టా పాసుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. తీసుకోలేదు. ఆ ఐదేళ్లలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

"తలా కొంత వేసుకుని తీయలేమా?"

తీయొచ్చు, తీశారు. 1976లో గుజరాతులో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని మంథన్ సినిమాకు నిర్మాతలయ్యారు. మనకు పక్కనే, కన్నడంలో 2013లో లూసియా ప్రేక్షకుల దుడ్డుతోనే వచ్చింది. నా సినిమాలోనూ 23 మంది తలా 25 వేలు వేశారు. టీచర్లు, మెడికల్ షాపతను, కువైటులో డ్రైవరుగా ఉన్న మా ఊరతను.

జాగ్రత్త ఎక్కడంటే, "లాభం ఇస్తాం, దుడ్డు వేయండి" అని ఊరంతా ప్రకటన వేసి వసూలు చేయకూడదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని నిషేధిస్తూ 2019లో చట్టమే వచ్చింది. కంపెనీ పెట్టి ప్రైవేటుగా వాటాలిస్తే ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందిని మించి అడగకూడదు. లాభం మాట లేకుండా, టైటిల్స్‌లో పేరు, మొదటి ఆటకు టికెట్టు లాంటివి ఇచ్చి విరాళంగా తీసుకోవడం వేరే దారి. ఏ దారైనా ఆడిటరును పక్కన కూర్చోబెట్టుకునే మొదలుపెట్టండి. ఒకే బ్యాంకు ఖాతా పెట్టండి, చేతికి రొక్కం తీసుకోవద్దు.

నేను ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ 23 మందికీ లెక్క పంపేవాణ్ణి. షూటింగు ఆగిపోయిన నెలల్లోనూ, "ఈ నెల ఖర్చు లేదు, పని లేదు" అని పంపాను. దుడ్డు పూర్తిగా తిరిగి రాలేదు. ఒక్కరూ నాతో మాట్లాడటం మానలేదు.

"బ్యాంకు లోను వస్తాదా?"

సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది 1998లో. బ్యాంకులు ఇచ్చేది పేరున్న సంస్థలకు, తాకట్టు మీద. మొదటి సినిమాకు, పేరు లేని దర్శకుడికి ఆ తలుపు లేనట్టే.

"గవర్నమెంటు సాయం ఏమైనా?"

ముంబైలోని ఎన్‌ఎఫ్‌డీసీ, అంటే కేంద్ర ప్రభుత్వ సినిమా అభివృద్ధి సంస్థ గురించి తెలుసుకోండి. 1975లో మొదలైన ఆ సంస్థ సొంతంగా కొన్ని సినిమాలకు దుడ్డు పెట్టింది. స్క్రిప్టు ల్యాబులు పెడుతుంది. ఏటా నవంబరులో గోవాలో ఇఫీ అనే అంతర్జాతీయ సినిమా ఉత్సవంతో పాటు 2007 నుంచి ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు) నడుపుతోంది. స్క్రిప్టు దశలో ఉండి నిర్మాతలను వెతుక్కునేవాళ్లకు కో-ప్రొడక్షన్ మార్కెట్, రఫ్ కట్ (మొదటి కూర్పు) ఉన్నవాళ్లకు వర్క్-ఇన్-ప్రోగ్రెస్ ల్యాబ్, పూర్తయిన సినిమాలకు వ్యూయింగ్ రూమ్ అని వేరు వేరు విభాగాలు. తెలుగువాళ్లు దరఖాస్తు చేసేది తక్కువ, అందులో సీమవాళ్లు ఇంకా తక్కువ. ఇంగ్లీషు భయం ఒక కారణం. మీ కథను ఒక పేజీలో ఇంగ్లీషులో రాసిపెట్టే లెక్చరరు మీ ఊళ్లోనే ఉంటాడు, వెళ్లి అడగండి. రాటర్‌డామ్ ఉత్సవం వాళ్ల హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ 1988 నుంచి మనలాంటి దేశాల సినిమాలకు సాయం చేస్తోంది. పోటీ చాలా ఉంటుంది. అయినా ఆ దరఖాస్తు నింపడానికి కూర్చున్నప్పుడు మీ సినిమా దేని గురించో మీకే స్పష్టమవుతుంది.

"షూటింగు ఏ నెలలో పెట్టుకోవల్ల?"

కథను బట్టి. అనంతపురం వైపు వేరుశనగ జూన్, జూలైల్లో వేస్తారు. పచ్చటి చేను కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు. కాయ పీకే సీను కావాలంటే అక్టోబరు, నవంబరు. ఎండిన నేల, ఆకు లేని చెట్టు కావాలంటే ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా కెమెరా ఆపేయండి. వెలుతురు తెల్లగా పాలిపోతుంది, మనుషులకు వడదెబ్బ తగులుతుంది. ఐదున్నరకే మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్లీ సాయంత్రం తీసుకోండి.

పాతకాలం కథ తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. రాయదుర్గం, కళ్యాణదుర్గం, రామగిరి వైపు ఏ కొండ చూసినా గాలిమరలే. వాటిని కంప్యూటర్లో చెరిపించడానికి షాటుకింత అని అడుగుతారు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు సోలారు ప్యానెళ్లు. లొకేషన్ చూసేటప్పుడు కళ్లతో కాదు, మీరు వాడబోయే లెన్సుతో నాలుగు దిక్కులూ చూడండి.

"గండికోటలో తీసుకోవచ్చా? లేపాక్షిలో?"

రెండూ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. ముందుగా దరఖాస్తు, రోజుకింత ఫీజు, డిపాజిట్టు, షరతులు ఉంటాయి. ఫోన్లో తీసుకుని వెళ్లిపోదామనుకోవద్దు, సర్టిఫికెట్టు దగ్గర కాకపోయినా అమ్మేటప్పుడు అనుమతి పత్రాలు అడుగుతారు. బెలుం గుహలు, ఓర్వకల్లు రాతివనం పర్యాటక శాఖ చూస్తుంది. డ్రోను ఎగరేసేముందు ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో, అంటే ఎగరేయొచ్చో లేదో, చూడండి. కడప, ఓర్వకల్లు, పుట్టపర్తిలో విమానాశ్రయాలు ఉన్నాయని మరవొద్దు.

అసలు గండికోట మీ కథకు కావాలా అని కూడా ఆలోచించండి. ఆ లోయను ఇప్పటికే అందరూ చూశారు. నాపరాయి గోడల ఇళ్లు, ఆ గోడ నీడలో కూర్చున్న మేక, గోడకు ఆనించిన ఎద్దులబండి చక్రం, వీటిని తెర మీద ఇంకా ఎవరూ సరిగ్గా చూడలేదు.

"గొర్రెల మంద, చిన్నపిల్లలు ఉండారు కథలో. ఏమైనా ఇబ్బందా?"

ఇబ్బంది కాదు, కాగితం పని. జంతువులు నటిస్తే జంతు సంక్షేమ బోర్డు దగ్గర షూటింగుకు ముందే అనుమతి, తీశాక నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అది లేకుండా సెన్సారుకు పోతే ఆ సీన్లు కత్తిరించుకోవాల్సి వస్తుంది. సీమ కథల్లో జీవాలు లేకుండా ఎట్లా? కాబట్టి పని మొదట్లోనే చేసుకోండి. మంద యజమానిని పక్కనే ఉంచండి, వాటికి నీళ్లూ నీడా చూడండి.

పిల్లలకు కలెక్టరు అనుమతి కావాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు మించకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు. పిల్లల పారితోషికంలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద ఫిక్సుడు డిపాజిట్టు చేయాలి. ఇది చేయండి. చిన్న సినిమా అని పిల్లవాడి చేతిలో చాక్లెట్టు పెట్టి పంపడం న్యాయం కాదు.

"మన యాసలో తీస్తే బయటోళ్లకు అర్థమైతాదా?"

అవుతుంది. ఇన్నేళ్లుగా సీమ మాట తెరమీద రెండే పనులకు వాడారు, తొడగొట్టడానికీ, నవ్వించడానికీ. తల్లి బిడ్డను నిద్రపుచ్చే మాట, మొగుడు పెండ్లాం రాత్రిపూట అప్పుల గురించి గుసగుసగా మాట్లాడుకునే మాట ఆ యాసలో వినిపించనేలేదు. సుమోలూ, వేటకొడవళ్లూ చూసి చూసి, మన పిల్లలు వేరే ఊళ్లో చదవడానికి పోతే "మీ ఇంట్లో బాంబులుంటాయా" అని అడిగించుకుంటున్నారు. నాకు సినిమా తీయాలనిపించిందే ఆ ప్రశ్న మా తమ్ముడు విన్నందుకు.

అందుకే డబ్బింగు వద్దు, అక్కడికక్కడే సౌండు తీసుకోండి. ఖర్చు ఎక్కువే, గాలి సతాయిస్తుంది, మధ్యలో ట్రాక్టరు వస్తుంది. అయినా సరే. కమలాపురం ఆవిడ "యాడికి పోతివి నాయనా" అన్న మాటను హైదరాబాదు డబ్బింగు గదిలో ఎవరూ అనలేరు. జమ్మలమడుగు మాట, హిందూపురం మాట, ఆదోని మాట ఒకటి కాదు. కన్నడం కలిసే చోట కలవనీయండి, ఉర్దూ కలిసే చోట కలవనీయండి. బయటివాళ్ల కోసం సబ్‌టైటిల్స్ మంచివాళ్ల చేత రాయించండి.

నటుల కోసం మొదట నాటకాల వాళ్ల దగ్గరకు వెళ్లండి. సురభి నాటకాలు 1885లో పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలోనే. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ నడిచిన నేల ఇది. ఇప్పటికీ పల్లెల్లో పౌరాణికాలు ఆడేవాళ్లున్నారు. అనంతపురం లలితకళా పరిషత్తులో, కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో నాటకాలు పడే రోజుల్లో వెళ్లి వెనక వరసలో కూర్చోండి. వాళ్ల గొంతు స్టేజీకి అలవాటైంది, కెమెరాకు తగ్గించడానికి వారం రోజులు రిహార్సలు కావాలి. ఆ వారం తిండీ బత్తా ఇచ్చి చేయించండి.

"కెమెరా, మనుషులు హైదరాబాదు నుంచే రావల్లనా?"

కర్నూలువాళ్లకు హైదరాబాదు దగ్గర. అనంతపురంవాళ్లకు బెంగళూరు దగ్గర, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. బండి బాడుగ, ప్రయాణం రోజుల బత్తా కలిపి లెక్కేసుకోండి. పెద్ద యూనియన్ సభ్యులతో పనిచేస్తే వాళ్ల వేతనాలు, పని గంటల నియమాలు పాటించాలి. 2025 ఆగస్టులో వేతనాల కోసం సమ్మె జరిగి షూటింగులు రెండు వారాలకు పైగా నిలిచిపోయాయి. ఆ రోజుల్లో చిన్న నిర్మాతల బాధ నిజం, రోజుకూలి లైట్‌మన్ బాధా నిజం. మీ సినిమా ఎంత చిన్నదైనా "పేరొస్తుంది, ఉచితంగా చేయండి" అని కూలివాళ్లను అడగొద్దు. డైరెక్టరు తన జీతం మానుకోవచ్చు, వాటా తీసుకోవచ్చు. బరువు మోసేవాడికి సాయంత్రానికి కూలి ఇవ్వాలి.

"నేను అమ్మాయిని. మా ఇంట్లో షూటింగంటే ఒప్పుకోరు అన్నా."

ఒప్పించే బాధ్యత నీ ఒక్కదానిదే కాదమ్మా, యూనిట్ నడిపేవాళ్లది కూడా. నా సినిమాలో కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి మూడో రోజు వెళ్లిపోయింది. కారణం అడిగితే చెప్పలేదు, తర్వాత తెలిసింది లొకేషన్‌లో మరుగుదొడ్డి లేదని. అది నా తప్పు. రెండో షెడ్యూలులో మొదటి ఖర్చు దానికే పెట్టాను, రాత్రి ఆలస్యమైతే ఇంటిదాకా దింపే బండికి రెండోది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఆ కమిటీ ఎవరో మొదటి రోజే అందరికీ చెప్పమని అడుగు. అడిగితే విసుక్కునే యూనిట్‌లో చేరొద్దు.

"సెన్సారు ఎట్లా?"

ముందు టైటిలు, బ్యానరు ఫిల్మ్ ఛాంబరులో నమోదు చేసుకోండి. సర్టిఫికెట్టుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. 2023 సవరణ తర్వాత, పెద్దలు చూసుకుని పిల్లలకు చూపించాల్సిన యూఏ సర్టిఫికెట్టులో 7, 13, 16 ఏళ్ల పైబడినవాళ్లకని మూడు తరగతులు వచ్చాయి, సర్టిఫికెట్టుకు పదేళ్ల గడువూ పోయింది. సినిమాలో బీడీ కాల్చే తాత ఉంటే హెచ్చరిక వేయాలి. విడుదల తేదీ ప్రకటించాక దరఖాస్తు చేయడం పెద్ద తప్పు. జాతీయ అవార్డులకు పంపాలంటే ఆ సంవత్సరంలోనే సర్టిఫికెట్టు వచ్చి ఉండాలి, డిసెంబరులో హడావుడి పడొద్దు.

"మన ఊరి థియేటర్లో పడాలంటే?"

సినిమా వ్యాపారంలో మన ప్రాంతం పేరు సీడెడ్. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేసినప్పుడు పడిన పేరు అది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నాం, ట్రేడు పుస్తకాల్లో మాత్రం ఇంకా సీడెడే.

పెద్ద సినిమాను డిస్ట్రిబ్యూటరు ముందే దుడ్డిచ్చి కొంటాడు. మీదెవరూ కొనరు. మీకు మిగిలేది థియేటరుకు మీరే అద్దె కట్టడం, లేదా వసూళ్లలో శాతం. దానిపైన క్యూబ్, యూఎఫ్‌వో లాంటి డిజిటల్ ప్రొవైడర్లకు ఒక్కో తెరకు ఇంత అని కట్టాలి. ఆ ఛార్జీలు ఎక్కువని 2018 మార్చిలో దక్షిణాదిలో నిర్మాతలు కొత్త సినిమాల విడుదలే ఆపేశారు.

నేను 11 థియేటర్లు తీసుకున్నాను. మళ్లీ అయితే నాలుగే తీసుకుంటాను, రోజుకు ఒక్క ఆట, ఫస్టు షో, రెండు వారాలు. సంక్రాంతి, దసరా దగ్గరకు పోవద్దు. ప్రొద్దుటూరులో మొదటి మూడు రోజులు ఇరవై ముప్పై మందే వచ్చారు. నాలుగో రోజు మేం తీసిన పల్లెవాళ్లు రెండు ట్రాక్టర్లలో వచ్చారు. మర్నాడు పక్క పల్లెవాళ్లు వచ్చారు. అప్పటికి వారం అయిపోవచ్చింది, థియేటరు శుక్రవారానికి వేరే సినిమాకు ఇచ్చేశారు. నోటిమాట మన దగ్గర నడిచి వస్తుంది, దానికి రోజులు కావాలి.

"ఓటీటీ వాళ్లు కొంటారు కదా?"

లాక్‌డౌన్ రోజుల్లో నేరుగా కొన్నారు. ఆ లెక్కతో ఇప్పుడు బడ్జెట్టు వేసుకోవద్దు. ఇప్పుడు చాలాచోట్ల ముందు థియేటర్లో పడాలంటారు, లేదా ఎంతమంది చూస్తే అంత అని వాటా ఇస్తారు. ఆహా, ఈటీవీ విన్ లాంటి తెలుగు వేదికలు చిన్న సినిమాలు చూస్తాయి. "మాకు లోపల మనుషులున్నారు, ముందు లక్ష ఇవ్వండి" అనే మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు. డైరెక్షన్ ఛాన్సుకు, ఆడిషన్‌కు దుడ్డడిగేవాళ్లూ ఆ బాపతే.

"సీమ నుంచి పోయి నిలబడినోళ్లు ఉండారా?"

కడప జిల్లా పల్లెల్లో పుట్టిన అన్నదమ్ములు బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, 1974కు అన్నకు, 1986కు తమ్ముడికి. కె.వి. రెడ్డి తాడిపత్రి మనిషి, 1912లో పుట్టాడు. అప్పట్లో వాళ్లు మద్రాసు పోక తప్పలేదు. మీ చేతిలో కెమెరా ఉంది, ఎడిటింగు ఇంట్లో చేసుకోవచ్చు. ఇక్కడే ఉండి తీసే వీలు వాళ్లకు లేదు, మీకు ఉంది.

"నా సినిమా సగంలో ఆగిపోయింది. ఇంక అంతేనా?"

కాదు. ముందు హార్డ్‌డిస్కులు చూసుకోండి. తీసినదంతా మూడు ప్రతులు చేసి, మూడు ఇళ్లలో పెట్టండి. కంటిన్యుటీ ఫోటోలు, సీన్ల రిపోర్టులు భద్రం. తీసిన సీన్లను ఎడిట్ చేసి, ఇరవై నిమిషాలు అతుక్కునేట్టు చేయండి, కొత్తగా దుడ్డు పెట్టేవాళ్లకు మాటలకన్నా అది చూపించడం మేలు. నాకు మిగతా 18 రోజుల దుడ్డు ఆ ఇరవై నిమిషాలు చూసే వచ్చింది, నలుగురు స్నేహితుల దగ్గర, ఆ 23 మంది దగ్గర. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అదే నెలలో పెట్టుకోండి. మేం 2019 ఫిబ్రవరిలో ఆపాం, మధ్యలో కరోనా వచ్చింది, 2021 ఫిబ్రవరిలో పోయాం. అదే ఎండ, అదే ఎండిన చేను. సినిమాలో వేషం వేసిన కుర్రాడు మాత్రం జానెడు పొడుగయ్యాడు, వాడి రెండు సీన్లు కూర్చోబెట్టి తీశాం.

అమ్మ వేషం వేసింది పౌరాణికాల్లో చంద్రమతి ఆడిన ఒక పెద్దావిడ. ఆపేసిన రోజు హడావుడిలో ఆవిడ వేషం చీర వెనక్కి తీసుకోవడం మరిచిపోయాం. అదే రకం చీర ఎక్కడ దొరుకుతుందా అని ధర్మవరం దాకా వెతికించాను. దొరకలేదు. రెండేళ్ల తర్వాత ఇంటికెళ్లి, మళ్లీ మొదలుపెడుతున్నామమ్మా అని చెప్పాను. ఆవిడ లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచి చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. కొంగున బురద మరక అట్లనే ఉంది. "ఉతకొద్దంటిరి గదా నాయనా, ఉతకలేదు" అంది.